పెరటి గుమ్మంలోంచి వచ్చిన కొత్తమనిషి

మా ఆయన డేవిడ్‌రాజు గారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తాగరు, తిట్టరు, అలగరు. చదువుతారు. చదివినదాన్ని ఊరికే ఉండనివ్వరు. శ్రీకాకుళంలో బీఈడీ కాలేజీలో ఆయన చెప్పే సైకాలజీ పాఠం నలభై మంది విని, గంట కొట్టగానే వెళ్లిపోతారు. మా ఇంట్లో గంట లేదు. చారులో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనరు, "నీ ధ్యాస చెదిరింది పద్మజా" అంటారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన తప్పు మాత్రం చేయలేదు. ఒకసారి విజయనగరంలో రాయగడ రైలనుకుని పలాస రైలెక్కించారు. అదీ రైలు తప్పే.

ఈసారి ఆయన చేతికి చిక్కింది మా మనవరాలు నిస్సి. ఏడాది పిల్ల.

మా అమ్మాయి షీబాకి నరసన్నపేటలో జూనియర్ కాలేజీ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆ ఉద్యోగ పరీక్ష కోసం ఆరు నెలలు పొద్దున వెళ్లి సాయంత్రం దాకా లైబ్రరీలోనే కూర్చుంది. అల్లుడు శాంతికుమార్ విశాఖలో ఉద్యోగం, ఆదివారమే దర్శనం. పిల్లని నేను చూసుకున్నాను. ఉద్యోగం వచ్చిందని అందరికీ సంతోషమే, షీబాకి తప్ప.

"అమ్మా, ఇది నన్ను అమ్మనుకుంటోందా, సాయంత్రాలొచ్చే చుట్టమనుకుంటోందా?" అని గురువారం అడిగింది.

నేను నోరు తెరిచేలోపే పేపరు వెనకనుంచి మా ఆయన తల లేచింది.

"అనుకోవడం దేనికి? పరీక్షించి చూడొచ్చు."

ఇంక పాఠం మొదలైంది. పసిబిడ్డ తనని సాకేవాళ్లలో ఒకరిద్దరికి గట్టిగా అతుక్కుంటుందట. వాళ్లు పక్కనుంటే ధైర్యంగా ఆడుకుంటుంది. వాళ్లు గదిలోంచి వెళ్లి కొత్తమనిషి వస్తే గాభరా పడుతుంది. తిరిగి రాగానే పరుగెత్తుకెళ్లి చంకెక్కి, ఊరటపడి మళ్లీ ఆటకి పోతుంది.

"అలా కాక, తల్లి వచ్చినా పట్టించుకోకపోతే..." అని ఆయన ఆగారు. ఆయన ఆగిన చోటే షీబా మనసు ఇరుక్కుపోయింది.

శనివారం నేను చర్చికి వెళ్లాను. మర్నాడు నిస్సికి ప్రతిష్ఠ. మా బాప్టిస్టు సంఘంలో పసివాళ్లకి బాప్తిస్మం ఇవ్వరు. పాస్టరు గారు బిడ్డని చేతుల్లోకి తీసుకుని, సంఘం ముందు దేవుడికి అప్పగించి ప్రార్థన చేస్తారు. ఆ ఏర్పాట్లు చూసుకుని ఇంటికొచ్చేసరికి పరీక్ష అయిపోయింది. షీబా మంచం మీద బోర్లా పడుకుని ఉంది. పక్కన ప్రిన్సిపాల్‌కి రాసిన కాగితం, ఉద్యోగంలో చేరలేనని.

"ఏటైందే?"

"నన్ను వీధి గుమ్మంలోంచి వెళ్లి సందు చివర నిలబడమన్నారమ్మా. పావుగంటకి ఫోన్ చేసి రమ్మన్నారు. ఈలోగా కొత్తమనిషి దగ్గర కిలకిలా నవ్విందట! నేనొస్తే ఒక్కసారి చూసి, డబ్బా మూత తిప్పుకుంటూ కూర్చుంది. నాకు ఉద్యోగం వద్దు. ముందు దీనికి అమ్మనవ్వాలి."

మా ఆయన నోట్‌బుక్ మూశారు. "బాధగానే ఉంది. కానీ ఫలితం స్పష్టంగా ఉంది."

"ఎవరండీ ఆ కొత్తమనిషి?"

"ఎవరో ముసలావిడ. పెరటి గుమ్మం దగ్గరకి గిన్నె ఇవ్వడానికి వచ్చింది. నేనెప్పుడూ చూడని మనిషి. అంతకంటే కొత్తమనిషి ఎక్కడ దొరుకుతుంది?"

నేను పెరట్లోకి వెళ్లి చూశాను. నీళ్లపొయ్యి పక్కన మా నూనెగిన్నె బోర్లించి ఉంది. నాకు నవ్వొచ్చింది. కానీ నేను చెబితే ఓదార్పు కోసం అంటున్నాననుకుంటుంది షీబా. సాక్షి చెబితేనే బాగుంటుంది. కాగితం మడిచి నా బైబిల్లో పెట్టుకుని, తెల్లారేదాకా ఆగమన్నాను.

ఆదివారం చర్చి ఉందని, రోజూ నిస్సికి నీళ్లు పోసే కూర్మమ్మ పొద్దున్నే వచ్చింది. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, నిస్సిని వాటి మీద పడుకోబెట్టి నూనె రాస్తూ మొదలెట్టింది.

"ఏటమ్మా, నిన్న అయ్యగారికి ఏటైనాది? గిన్ని ఇద్దారని వత్తే, నన్ను లోపల కూకోబెట్టి 'మాటాడకు' అన్నారు. ఈ బంగారమేమో సూసీసూడగానే కాళ్ల మీదకి ఎక్కేసినాది. నానేటి సేత్తాను, ఊపినాను. ఆయన మూల నిలబడి రాసుకుంతన్నారు. నీళ్లు పొయ్యకుండా కాళ్ల మీద తొంగోబెట్టడం నా బతుకులో నేదు!"

చెంబుతో నీళ్లు అందిస్తున్న షీబా చెయ్యి ఆగిపోయింది. "కొత్తమనిషివి నువ్వా?"

"నానేటి కొత్త? దీనికి బొడ్డూడిన కాడినుంచీ నీళ్లు పోత్తన్నాను. ఈ పెరటికి మీ నాన్నే కొత్త."

కూర్మమ్మ వచ్చేది పదింటికి, మా ఆయన వెళ్లేది తొమ్మిదింటికి. సెలవురోజైనా పెరడు ఆయన సిలబస్‌లో లేదు. సగం గడ్డానికి సబ్బు నురగతో గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

"పరీక్షలో లోపం ఉండొచ్చు. కానీ తల్లి వచ్చినా వెళ్లలేదు కదా? ఆ సంగతి ఎక్కడికి పోతుంది?" అన్నారు.

షీబా మొహంలో వెలిగిన దీపం మళ్లీ సన్నబడింది. "నాన్నదీ నిజమే కదమ్మా. నా దగ్గరకి రాలేదు." కాగితం మాత్రం అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

మా పాస్టరు పాల్ గారు పోయిన వారమే గజపతినగరం నుంచి వచ్చారు. ఆరడుగుల మనిషి, గుబురు మీసం. నవ్వుతూ నిస్సిని చేతుల్లోకి తీసుకున్నారు. అది మీసం వైపు చూసింది. మరొక్కసారి చూసింది. అప్పుడు మొదలెట్టింది ఏడుపు. మైకు పక్కనే ఉండడంతో రోడ్డు మీద ఆటోలు కూడా ఆగాయి.

నేను చేతులు చాపాను. నా వైపు చూడలేదు. భోజనాలకని వచ్చి వెనక నిలబడ్డ కూర్మమ్మ, "రా బంగారం!" అంది. వినలేదు. పాస్టరు గారి భుజం మీంచి రెండు చేతులూ షీబా వైపు చాపి, ఒంటిని విల్లులా వంచేసింది. షీబా ప్రార్థన మధ్యలోనే లేచి వెళ్లి లాక్కుంది. నిస్సి తల్లి మెడలో మొహం దాచుకుని నాలుగు వెక్కిళ్లు వెక్కింది. ఆమెన్ అనేసరికి తగ్గింది. తల ఎత్తి, అమ్మ భుజం మీంచే ఆ మీసాన్ని వేలితో చూపించింది. తర్వాత కిందకి దిగి, మైకు వైరు పట్టుకు లాగడానికి పాకింది.

సంఘమంతా నవ్వింది. షీబా నవ్వలేదు, ఏడవలేదు. వచ్చి నా బైబిలు తెరిచి, ఆ కాగితం తీసి నాలుగు ముక్కలు చేసింది. శాంతికుమార్‌కి ఏమీ అర్థంకాక, కింద పడకుండా ముక్కలు దోసిట్లో పట్టుకున్నాడు.

"తాతగారు రెండు మాటలు సాక్ష్యం చెప్తారు" అన్నారు పాస్టరు గారు.

మా ఆయన లేచారు. రెండు మాటలంటే ఇరవై నిమిషాలని నేను పర్సు సర్దుకుని కూర్చున్నాను. ఆయన జేబులోంచి నోట్‌బుక్ తీశారు, చూసి మళ్లీ పెట్టేశారు. షీబా వైపు తిరిగారు.

"నిన్న మా అమ్మాయి విషయంలో ఒక తీర్పు చెప్పాను," అన్నారు. "తప్పు నాదే."

నిస్సి అప్పటికే మైకు వైరు ఊడబీకేసింది.

"వినపళ్లేదయ్యా!" అంది వెనకనుంచి కూర్మమ్మ.

ఆవిడకి ఆ మాట అనమని నేను సైగ చేశానని ఎవరైనా అంటే నమ్మకండి. మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఈసారి వరండాలో చెప్పుల దగ్గరున్న వాళ్లకి కూడా వినపడింది.

"తప్పు నాదే!"