బల్ల కిందికి దించిన చెయ్యి

ఇస్త్రీ చేస్తున్న చొక్కా కాలరు మీద రెండో మడత పడింది. ఆమె నీళ్లు చిలకరించేలోపే వెనక నుంచి మాట వచ్చింది.

"ఊళ్లో పిల్లలందరికీ ధైర్యం చెప్తావట! ఒక కాలరు సరిచెయ్యడానికి మాత్రం చేతులు రావు."

భర్త గొంతు పెద్దది కాదు. పెద్దది కానక్కర్లేదు కూడా. బల్ల దగ్గర అత్తగారు గ్లాసు దించి నవ్వారు. "చేతులతో పనేముందిరా అక్కడ? కబుర్లు చెప్తే జీతమిస్తారుగా."

అప్పుడు ఏడేళ్ల కూతురు చెయ్యెత్తింది. మోచెయ్యి బల్లకు ఆనించి, అరచెయ్యి తిన్నగా నిలిపి, ఎవరి వైపూ చూడకుండా.

ఆ చేతికి అర్థం ఆ ఇంట్లో తల్లీకూతుళ్లకే తెలుసు. ఆమె పిల్లల పళ్ల డాక్టరమ్మ దగ్గర సహాయకురాలు. కుర్చీ ఎక్కిన ప్రతి బిడ్డకూ ముందుగా చెప్పేది ఆమే: "భయమేసినా, నొప్పి పుట్టినా చెయ్యెత్తు. డాక్టరమ్మ ఆపేస్తారు. నువ్వు సరేనంటేనే మళ్లీ." కిందటేడు కూతురికి పన్ను పుచ్చినప్పుడు అదే కుర్చీలో అదే మాట చెప్పింది. పిల్ల మూడుసార్లు చెయ్యెత్తింది. మూడుసార్లూ పన్ను తొలిచే యంత్రం ఆగింది. అడిగితే ఆగేవి కొన్ని ఉంటాయని ఆ పిల్ల అక్కడే నేర్చుకుంది.

ఇవాళ నాన్న మాట ఆగాలని ఎత్తింది.

"ఏంటే, క్లాసులో ఉన్నాననుకుంటున్నావా?" అన్నాడు తండ్రి.

ఆమె గబగబా వచ్చి ఆ చేతిని పట్టుకుని బల్ల కిందికి దించేసింది. "ఇక్కడ కాదమ్మా" అని గొణిగింది.

పిల్ల కడుపునొప్పని పాలు వదిలేసింది. నెలరోజులుగా అదే నొప్పి. పరీక్షలన్నీ చేసి, ఒంట్లో ఏమీ లేదు, దేనికో భయపడుతోంది, కనుక్కోమన్నాడు వైద్యుడు. ఆమె బడిలో అడిగింది. బస్సులో ఆయాను అడిగింది. ఇంట్లో మాత్రం ఎవరినీ అడగలేదు. తనను తాను అసలే అడగలేదు.

ఆ మధ్యాహ్నం కుర్చీలో ఒక పాప చెయ్యెత్తింది. యంత్రం ఆగింది. "చూశావా? నువ్వు చెయ్యెత్తితే ఎంత పెద్దవాళ్లయినా ఆగాల్సిందే" అంది ఆమె, అలవాటుగా, తియ్యగా. మాట పూర్తయ్యేసరికి మొహం భగ్గుమంది. మాస్కు ఉండబట్టి సరిపోయింది. పొద్దున తాను దించిన చెయ్యి బరువు ఇంకా అరచేతిలోనే ఉంది. ఎంత తేలిగ్గా దిగివచ్చిందో! పెనుగులాడలేదు, గుంజుకోలేదు. కన్నతల్లి చేతిలో అలా లొంగిపోవడం అలవాటైన చెయ్యి రేపు ఎవరి ముందు లేస్తుంది? ఊరి బిడ్డలకు పంచిన ధైర్యం, తన బిడ్డ దగ్గరికొచ్చేసరికి తన పిరికితనంగా మారిపోయింది. సిగ్గుతో ఆమె చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది.

సాయంత్రం కూరలో ఉప్పు తగ్గింది.

"ధ్యాసంతా ఎక్కడ పెట్టి వండుతావో! నిన్ను పనిలో పెట్టుకున్న ఆ డాక్టరమ్మననాలి ముందు" భర్త మొదలుపెట్టాడు.

పిల్ల తల్లి వైపు చూసింది. ఒళ్లో రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఈసారి ఎవరూ దించనక్కర్లేకపోయింది.

ఆమె గరిటె కింద పెట్టింది. మోచెయ్యి బల్లకు ఆనించి, అరచెయ్యి తిన్నగా నిలిపింది. దించలేదు.

"ఏంటిది?" అన్నాడు భర్త, సగం నవ్వుతో.

జవాబు కూతురు చెప్పింది.

"అమ్మకి భయమేస్తోంది నాన్నా. చెయ్యెత్తింది కదా, ఇంక ఆపెయ్యాలి."