తాళానికి ఆగని బండి

ఇంజన్ తీసేసిన చోట ఎండ పడింది.

నలభై ఏళ్లుగా ఎండ ఎరుగని చోటు. నూనె జిడ్డు మీద, తుప్పు మీద, విప్పి వదిలేసిన వైర్ల కొసల మీద... మెల్లగా, అడిగి అడిగి లోపలికి వచ్చినట్టు.

బానెట్ కింద తలపెట్టి చూశాను. ఖాళీ. అడుగున నేల కనిపిస్తోంది. ఒక చీమ నడిచిపోతోంది.

పాత ఇంజన్ గొలుసు కప్పీకి వేలాడుతోంది. నెమ్మదిగా తిరుగుతోంది — ఎవరో పిలిస్తే వెనక్కి చూస్తున్నట్టు.

అది మా ఆయన ఇంజన్. పెట్రోలుది. సాయంత్రం వీధి మలుపులో ఒకసారి దగ్గేది. ఆ దగ్గు విని పొయ్యి మీద నీళ్లు పెట్టేదాన్ని. నీళ్లు కాగేలోపు ఆయన గుమ్మంలో.

ఆయన పోయి మూడేళ్లు.

నేను పెంచి అమ్మే మొక్కల తొట్లు సంతలో దించి ఇప్పుడు మా ఆడపడుచు తెస్తుంది బండిని. మలుపులో దగ్గు వినిపిస్తుంది. నా చేయి దానంతటదే నీళ్లు పెడుతుంది.

ఆ కాసేపు... నీళ్లు కాగేవరకు... ఎవరు వస్తున్నారో నేను ఆలోచించను.

కానీ ఈ ఏడు బండి గట్టు ఎక్కలేదు. సగంలో నిలబడి పొగ కక్కింది.

"దీని పనైపోయింది వదినా," అంది ఆడపడుచు. పానా పట్టడం అన్న దగ్గరే నేర్చుకుంది. ఆయన మెకానిక్ షెడ్డు ఇప్పుడు ఆమెదే. "తుక్కుకైనా వెయ్యి, డీజిలైనా పెట్టించు. రొట్టెల వ్యాను ఇంజనొకటి ఉంది, నిక్షేపంలా."

"దగ్గుతుందా అది?"

ఆమె నా వంక చూసింది.

"దగ్గదు."

బండి ఉండాలంటే ఆ దగ్గు పోవాలి. మూడు రోజులు ఏమీ చెప్పలేదు. నాలుగో రోజు మొక్కలు వాడిపోతుంటే — సరే అన్నాను.

పాత ఇంజన్‌ను ఆమె నేలమీద దించలేదు. టైరు వేసి, దానిమీద దించింది. కళ్లు తుడుచుకుంటున్నాను నేను.

"ఏడ్చేదుంటే అటెళ్లు వదినా. బోల్టులు తుప్పు పడతాయి."

"నోట్లో పానా పెట్టుకుని పుట్టావే నువ్వు."

నవ్వింది. నవ్వుతూనే అటు తిరిగి, తన కళ్లు మోచేత్తో తుడుచుకుంది. ఆయన ఆమెకు అన్న కదా.

డీజిలు ఇంజన్ బరువు. దించగానే బండి ముందుకు ఒంగింది, తల వంచినట్టు. ముందు చక్రాల మీద బరువు మోసే కమాన్లు మార్చింది ఆడపడుచు. గేరుబాక్సుకూ ఇంజన్‌కూ మధ్య ఇనుప పలక కోసి, రుద్ది, మళ్లీ రుద్ది... తొమ్మిది రోజులు.

పదో రోజు నన్ను ఎక్కించింది.

"తాళం మొత్తం ఒక్కసారే తిప్పకు. లోపల వేడెక్కాలి. పది లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. తిప్పాను.

ఎన్నో తలుపులు ఒకేసారి తడుతున్నట్టు — శబ్దం. అరికాళ్లలోకి, మోకాళ్లలోకి, పళ్లలోకి.

మలుపు దాకా తోలుకెళ్లి తిప్పుకొచ్చాను. దగ్గలేదు. నేను విన్నాను, బాగా విన్నాను.

దగ్గలేదు.

షెడ్డు ముందు ఆపి తాళం తిప్పాను. తాళంచెవి బయటికి తీశాను.

ఇంజన్ ఆగలేదు.

చెవి నా అరచేతిలో ఉంది. ఇంజన్ ఆడుతూనే ఉంది.

ఆడపడుచు పరుగున వచ్చింది. "చెప్పడం మర్చిపోయా వదినా. ఈ పాత రకం డీజిలు ఇంజన్ తాళానికి ఆగదు. లోపలికి డీజిలు వస్తున్నంతసేపూ ఆడుతుంది. ఆ నల్ల పిడి లాగితేనే ఆగుతుంది."

పిడి మీద చేయి వేశాను. చల్లగా ఉంది. ఇంజన్ అదురు దాంట్లోంచి నా చేతికి ఎక్కుతోంది.

"లాగు మరి."

"ఉండవే కాసేపు."

ఏమనుకుందో. అటు తలుపు తీసుకుని పక్క సీట్లో కూర్చుంది. నేను పిడి లాగలేదు.

ముందు అద్దంలోంచి బానెట్ కనిపిస్తోంది. దానిమీద ఎండ — సన్నగా, ఆగకుండా, వణుకుతోంది...