మేనేజరమ్మ కాలు

నేల మీద దొర్లే వస్తువు ఏదైనా సరే, కిరణ్మయి కాలితోనే ఆపేది. ఉల్లిగడ్డ, నిమ్మకాయ, మూత జారిన డబ్బా, ఏదైనా అంతే. వంగి చేత్తో అందుకోవాలన్న ఆలోచన ఆ పిల్లకు పుట్టుకతోనే లేదేమో. ఒకసారి వంటగట్టు మీద నుంచి జారిపడ్డ అన్నం గరిటెను పాదం మీద పట్టి, అలాగే పైకి ఎగరేసి చేతిలోకి తెచ్చుకుంది. ఆ రోజు వాళ్ళమ్మ బాలమ్మ పిల్ల వీపు మీద ఒక్కటి వేసి, అన్నం పెట్టే వస్తువుకు కాలు తగిలించడమేంటని తిట్టి, గరిటెను కళ్ళకు అద్దుకునేదాకా వదల్లేదు. పిల్ల అద్దుకుంది. మర్నాడు ఆలుగడ్డ దొర్లితే మళ్ళీ కాలే వెళ్ళింది.

తిట్లకు మారని ఆ కాలే కూతుర్ని చాలా దూరం తీసుకుపోయింది. గోపన్‌పల్లి పక్కనున్న యూనివర్సిటీ మైదానంలో మగపిల్లల మధ్య దూరి ఫుట్‌బాల్ ఆడిన పిల్ల, రాష్ట్రానికి ఆడింది. కోల్‌కతాలోనూ గోవాలోనూ క్లబ్బుల్లో జీతానికి ఆడింది. నీలం చొక్కా వేసుకుని దేశానికి ఆడింది. ఆ చొక్కాను బాలమ్మ ఏనాడూ వాషింగ్ మెషిన్‌లో వేయలేదు. బకెట్లో నానబెట్టి, చేత్తో పిండి, నీడపట్టున ఆరేసేది. ఎవరైనా అడిగితే రంగు పోతుందని చెప్పేది గానీ, అసలు కారణం అది కాదు.

మోకాలు రెండోసారి దెబ్బతిన్నాక ఆట ఆగిపోయింది. కిరణ్మయి కొన్నాళ్ళు ముఖం వేలాడేసుకుని తిరిగి, తర్వాత తనే లేచి కోచింగ్ పరీక్షలు రాసింది. రాయదుర్గం యునైటెడ్ అని ఆడవాళ్ళ జట్టొకటి ఉంటే, అందులో సహాయకురాలిగా చేరింది. ఆ క్లబ్బులో జట్టును నడిపే పెద్ద కోచ్‌ను మేనేజర్ అంటారు. సీజన్ మొదట్లోనే ఆ మేనేజర్ మానేసి వెళ్ళిపోతే, ఆ కుర్చీ కిరణ్మయికి ఇచ్చారు. అదీ సీజన్ అయ్యేవరకే. క్లబ్బు యజమాని చైతన్యకు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. మాట దాచుకునే మనిషి కాదు. ఆ కుర్చీకి స్పెయిన్ కోచ్ ఒకాయనతో మాట్లాడుతున్నానని, జట్టు పై లీగుకు చేరితే మాత్రం ఆ సంగతి మళ్ళీ ఆలోచిస్తానని మొహం మీదే చెప్పాడు.

ఇందులో బాలమ్మ చెవికి ఎక్కింది ఒక్కటే మాట. మేనేజర్.

వాళ్ళుండే అపార్ట్‌మెంటు లేచింది వాళ్ళ జొన్నచేను ఉన్నచోటే. పొలం తీసుకున్న బిల్డర్ బదులుగా ఇచ్చిన ఫ్లాటు అది. ఎదురు ఫ్లాట్లో ప్రొద్దుటూరు నుంచి వచ్చిన నాగమణి ఉంటుంది. ఆ అపార్ట్‌మెంటులో మేనేజర్ కానివాళ్ళ కన్నా అయినవాళ్ళే ఎక్కువ. అందుకే బాలమ్మ నోట ఆ మాట వినగానే నాగమణికి ఆశ్చర్యం కలగలేదు గానీ ఆసక్తి కలిగింది.

"ఏ కంపెనీలో అక్కా?"

"రాయదుర్గం."

"టీము పెద్దదేనా?"

"పదకొండు మంది పన్జేస్తరు. మిగిలినోళ్ళు బెంచి మీద కూసుంటరు."

నాగమణి నిట్టూర్చింది. "మా తేజస్విని కూడా బెంచి మీదనే ఉండాదక్కా, ప్రాజెక్టు లేకుండా. మీ పాపకు ఒక మాట చెప్పి చూడరాదా."

ఆ సాయంత్రానికల్లా నాగమణి కూతురు తేజస్విని రెజ్యూమె బాలమ్మ ఫోనుకు వచ్చేసింది. కిరణ్మయి దాన్ని మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివి, ఈ పిల్ల ఎడమకాలితో ఆడుతుందా అని అడిగింది. తల్లీకూతుళ్ళు చాలాసేపు నవ్వుకున్నారు. అయినా బాలమ్మ వెళ్ళి అసలు సంగతి చెప్పలేదు. మేనేజర్ అనగానే నాగమణి కళ్ళలో కనిపించిన ఆ మర్యాదను ఇంకొన్నాళ్ళు చూడాలనిపించింది ఆమెకు.

అయితే కొన్నాళ్ళు కూడా పట్టలేదు. కిరణ్మయి మేనేజర్‌గా నిలబడ్డ మొదటి మ్యాచ్ ఖాజాగూడ గుట్టల పక్కనున్న మైదానంలో జరిగింది. రాయదుర్గం ఒక గోలు ముందుంది. ఆట చివరికొచ్చింది. బంతి మెల్లగా దొర్లుకుంటూ పక్కగీత వైపు, సరిగ్గా కిరణ్మయి నిలబడ్డ చోటికి వచ్చింది. బయటికి పోతే దాన్ని లోపలికి విసిరే త్రో వీళ్ళదే. తొందరగా అందిద్దామనుకుందో, అసలేమీ అనుకోలేదో, ఆమె ఒకడుగు వేసి బంతిని పాదం కింద ఆపింది. ఎంత అందంగా ఆపిందంటే బంతి కిక్కురుమనలేదు. కానీ అది ఇంకా గీత దాటలేదు. ఆటలో ఉన్న బంతిని బయటి మనిషి ముట్టుకుంటే ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్ ఇస్తారు. ఆ కిక్కుతోనే వాళ్ళు గోలు చేశారు. గెలవాల్సిన ఆట సమమైపోయింది.

ఎవరో వీడియో తీశారు. 'మేనేజర్ పనిలో వేలు కాదు, కాలు పెట్టింది' అని రాసి వదిలితే, తెల్లారేసరికి ఐటీ టవర్లన్నీ తిరిగి నాగమణి కొడుకు ఆఫీసుకూ, అక్కడి నుంచి నాగమణికీ చేరింది. ఆమె ఫోను పట్టుకుని నేరుగా ఎదురింటికి వచ్చింది.

"అక్కా, మేనేజరంటే ఇదా?"

"ఇదే. నేను చెప్పిన దాంట్ల ఒక్కటన్న అబద్ధం ఉన్నదా?"

నాగమణి గుమ్మంలోనే నిలబడి ప్రతి మాటా గుర్తు చేసుకుంది. రాయదుర్గం, పదకొండు మంది, బెంచి. ఎక్కడా దొరకలేదు. ఇక ఆపుకోలేక నవ్వేసి, "అయితే మా తేజు రెజ్యూమె ఎనక్కి ఇచ్చేయ్ అక్కా" అంది. ఆ తర్వాత మాత్రం లోపలికి వచ్చి కూర్చుని, ఆ వీడియో కింద ఎవరెవరో రాసిన వెటకారాలు చదవకుండా, పిల్ల ఎట్లుందని అడిగింది.

పిల్ల బాగాలేదు. తోటి కోచ్‌లు వేళాకోళం చేసినందుకు కాదు. చైతన్య ఫోన్ చేసి ఏమీ అనకుండా, స్పెయిన్ ఆయన వచ్చే నెల వచ్చి మైదానం చూస్తాడని మాత్రం చెప్పినందుకు.

"కాలు నా మాట వింటలేదమ్మా" అంది కిరణ్మయి. "అది ఇంకా ఆడుతున్న అనుకుంటున్నది."

జట్టు పిల్లలు కూడా అదే అన్నారట. ప్రాక్టీసులో ఆమె గీత పక్కన నిలబడి ఒక్కొక్కరికీ ఎటు తిరగాలో, ఎప్పుడు తన్నాలో అరిచి చెబుతుంటే, ఎడమవైపు ఆడే రసజ్ఞ, అంటే ఒకప్పుడు కిరణ్మయి ఆడిన చోటే ఆడే అమ్మాయి, ఆట ఆపి మెల్లగా అన్నదట. "అక్కా, గీత లోపల ఉన్నంతసేపు బంతి మాది. బయటికొస్తే నీకే ఇస్తం."

ఆ మాట చెబుతూ కిరణ్మయి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

బాలమ్మ ఓదార్చే మనిషి కాదు. మర్నాడు కూరగాయలు తరుగుతూ, కూతుర్ని వంటింటి గడప దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమంది. ఎందుకని అడిగే లోపే ఉల్లిగడ్డను నేల మీద దొర్లించింది. కాలు వెళ్ళి ఆపేసింది.

"పాయె. ఫ్రీ కిక్కు" అంది బాలమ్మ.

ఆ తర్వాత వంటింట్లో దొర్లని వస్తువు లేదు. ఆలుగడ్డలు, టమాటలు, ఒకనాడు కొబ్బరికాయ. మొదట్లో ప్రతిసారీ కాలు ముందుకే వెళ్ళేది. వెనక కట్టుకున్న చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటే కాలు కొంచెం ఆగుతోందని కిరణ్మయి కనిపెట్టింది. రానురాను వంకాయ గడప దాటి హాల్లోకి పోయినా ఊరుకోవడం వచ్చింది. ప్రాక్టీసులో కూడా అరుపులు తగ్గాయి. ముందు రోజే కూర్చోబెట్టి చెప్పాల్సింది చెప్పి, మైదానంలో మాత్రం పిల్లల్ని వాళ్ళ బుద్ధికి వదిలేసేది. తప్పు చేసి తామే దిద్దుకున్న రోజున వాళ్ళు ఎంత బాగా ఆడారో ఇంటికొచ్చి తల్లికి చెప్పేది. జట్టు ఒక్కో ఆటా గెలుస్తూ వచ్చింది. స్పెయిన్ ఆయన వచ్చి, చూసి, ఏమీ తేల్చకుండా వెళ్ళాడు.

ఆఖరి మ్యాచ్‌కు నాగమణి కూడా వచ్చింది. గెలిస్తేనే పై లీగు, గెలిస్తేనే కిరణ్మయి ఉద్యోగం. సమమైనా లాభం లేదు. చైతన్య ముందు వరసలో కూర్చున్నాడు. ఎండ దిగి, రాయదుర్గం టవర్ల అద్దాలు ఎర్రబడే వేళకు చెరో గోలుతో ఆట సాగుతోంది. ఎవరికి ఎన్నున్నాయి, ఇంకెంతసేపు ఉందని నాగమణి మాటిమాటికీ అడుగుతుంటే, బాలమ్మ చూపు తిప్పకుండానే జవాబు చెప్పింది.

అప్పుడే బంతి ఎవరి కాలికో తగిలి, మళ్ళీ ఆ పక్కగీత వైపే, మళ్ళీ కిరణ్మయి దగ్గరికే దొర్లింది. రసజ్ఞ దూరం నుంచి దాని వెంట పరుగెత్తుతోంది. అందదనిపించింది అందరికీ. స్టాండులో కొందరు అప్పుడే ఫోన్లు ఎత్తారు.

జనమంతా బంతిని చూస్తుంటే, బాలమ్మ కూతురి కాలును చూసింది. ఆ కాలు కదిలింది. మడమ నేల మీద నుంచి లేచింది. వెనక చేతులు రెండూ ఒకదాన్నొకటి పిండేస్తున్నాయి. మడమ మళ్ళీ నేలకు దిగింది. బంతి గీత మీదికెక్కి, ఇంకా పూర్తిగా దాటకుండా, బూటు ముందు నుంచే దొర్లుతుంటే కిరణ్మయి ఒకడుగు వెనక్కి వేసి దారిచ్చింది. రసజ్ఞ జారుకుంటూ వచ్చి, గీత మీదే బంతిని అందుకుని, లేచి పరుగుతీసింది.

ఆ తర్వాత ఏం జరిగిందో బాలమ్మ చూడనే లేదు. చుట్టూ జనం లేచి నిలబడ్డాకే రసజ్ఞ అందించిన బంతి గోలులో పడిందని తెలిసింది. నాగమణి ఆమె భుజం పట్టుకుని ఊపేస్తోంది.

"చూసినవా?" అంది బాలమ్మ.

"చూసినాను కదక్కా, ఎంత బాగా కొట్టిందా పిల్ల."

"గోలు కాదు. కాలు."

నాగమణికి అర్థం కాలేదు. బాలమ్మ విడమరచి చెప్పలేదు. దేశానికి ఆడిన రోజు కూడా ఆమె గుండె ఇంతగా పొంగలేదు. ఆ రోజు కూతురు తనకు వచ్చిన పని చేసింది. ఈ రోజు రానిది నేర్చుకుంది.

ఆట గెలుపుతో ముగిశాక చైతన్య మెట్లెక్కి వచ్చి బాలమ్మకు నమస్కారం పెట్టాడు. "స్పెయిన్ ఆయనకు ఇక రానక్కర్లేదని చెప్పేస్తున్నానమ్మా. వచ్చే ఏడు కూడా కిరణ్మయిగారే మా మేనేజర్."

"ఇన్నొద్దులు గూడ మేనేజర్ మా బిడ్డే గద సార్" అంది బాలమ్మ. చైతన్య ఆ మాట నిజమే అన్నట్టు తలూపాడు.

మర్నాడు పొద్దున నాగమణి శనగపప్పు పూర్ణం పెట్టి ఓలిగలు చేసి తెచ్చింది. ముగ్గురూ వంటింట్లోనే నిలబడి తింటున్నారు. పులిహోరకని తీసిపెట్టిన నిమ్మకాయ గట్టు మీద నుంచి జారి కిందపడి, కిరణ్మయి వైపు దొర్లింది. ఆమె చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్ళాయి. కాలు కదపకుండా, నిమ్మకాయకు దారిచ్చి నిలబడింది.

బాలమ్మ కూతురి కాలును చూసింది. దాని ముందు నుంచే పోతున్న నిమ్మకాయను చూసింది.

"ఇది ఇల్లు బిడ్డా" అంది. "ఇక్కడ ఆపుకో."

కిరణ్మయి తల్లి ముఖంలోకి చూసింది. నిమ్మకాయ అప్పటికే గడప దగ్గరికి వెళ్ళింది. ఒక్క అంగలో వెళ్ళి దాన్ని పాదం కింద ఆపి, మునివేళ్ళ మీదికి ఎక్కించి, పైకి ఎగరేసింది. బాలమ్మ తినే ఓలిగను ఎడమచేతిలోకి మార్చుకుని, నిమ్మకాయను గాల్లోనే అందుకుంది.