ఇసుకతో కడిగిన ఉక్కు

నాలుగు ఉక్కు రేకుల్ని పాత తువ్వాల్లో చుట్టి, సంచిలో పెట్టుకుని ఆమె తమ్ముడి ఇంటికి బయలుదేరింది. ఒక్కొక్కటి అరచేతి కన్నా కాస్త పెద్దది. నాలుగేళ్ళ పాటు ఉప్పుటేటి ఒడ్డున సముద్రపు గాలికి వేలాడదీసి ఉంచిన రేకులవి. ఒక్కోదాని మీద ఒక్కో రకం పూత. ప్రతి పూత మీదా లోపలి లోహం కనబడేదాకా గీసిన ఇంటూ గుర్తు. పూతకు దెబ్బ తగిలితే తుప్పు ఎంత దూరం పాకుతుందో ఆ గీతల పక్కన చూసి చెప్పవచ్చు. ఉక్కు కట్టడాలకు ఏ పూత వేయాలో తేల్చడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని.

ఉప్పుటేటి మీద పాత వంతెన పక్కనే రెండోది కట్టబోతున్నారు. దానికి పూత ఎంచి శుక్రవారంలోగా కాగితం మీద పెట్టమని పెద్ద ఇంజనీరు చెప్పాడు. పరీక్ష రేకుల్ని ఆఫీసు దాటించకూడదు. అయినా తీసుకుపోయింది. తమ్ముడికి చూపించాలనిపించింది.

తమ్ముడిదీ ఆ పనే, కానీ రంగు వేసేది కాదు. రంగుకు ముందు ఉక్కును శుభ్రం చేసేది. గొట్టంలోంచి గాలి ఒత్తిడితో రజను, అంటే గరుకు లోహపు పొడి, కొడితే పాత తుప్పూ మకిలీ రాలిపోయి ఉక్కు వెండిలా తేలుతుంది. గొట్టం పట్టినవాడు కుదురుగా నిలబడకపోతే అది వాణ్ణే విసిరి కొడుతుంది. తమ్ముడు ఏనుగులాంటి మనిషి. అందుకే ముఠాలో అతణ్ణి అందరూ 'బక్కోడు' అని పిలిచేవారు.

ఇప్పుడతను మూడు దిండ్లకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముక్కుకు సన్నని గొట్టం, దాని చివర గుర్రుమంటూ ఆక్సిజన్ యంత్రం. ఇసుక దుమ్ముకు ఊపిరితిత్తులు మచ్చలు కట్టిపోయాయనీ, అది మానే జబ్బు కాదనీ డాక్టరు రెండేళ్ళ కిందటే చెప్పేశాడు. అతనికి నలభై ఒక్కేళ్ళు.

"బక్కోడన్న పేరు ఇన్నాళ్ళకి నిలబెట్టుకున్నానక్కా," అన్నాడు, ఆమె తన మణికట్టు వంక చూడడం గమనించి.

మరదలు నవ్వలేదు. ఆడపడుచు చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టి, "కాసేపు ఉంటారుగా వదినా, మందులు తెచ్చేసుకుంటాను," అని చెప్పులు వేసుకుని వెళ్ళింది.

ఆమె రేకుల్ని దుప్పటి మీద వరసగా పరిచింది. తమ్ముడి ముఖంలోకి రంగు వచ్చినట్టయింది. కళ్ళు చికిలించి, ఒక్కోదాన్నీ వెలుతురుకు ఎత్తి, గీతల వెంట బొటనవేలితో తడిమాడు. ఒక రేకును వెంటనే పక్కన పడేశాడు. ఇంకోదాన్ని చూసి మూతి విరిచాడు.

"ఇది," అన్నాడు చివరికి. "గీత దాటి గోరంత కూడా పాకలేదు."

"పాత వంతెనకు వేసిందేరా అది. అడుగున జింకు, మధ్యలో ఎపాక్సీ, పైన ఎండకి ఆగేది."

"తెలుసు. వేలు పెడితే తెలీదా నాకు?" ఊపిరి కూడదీసుకున్నాడు. "నువ్వేం తేల్చావు?"

అతను మూతి విరిచిన రేకునే ఆమె ముందుకు జరిపింది. "దీన్ని రాద్దామనుకుంటున్నాను. దీనికి రజను కొట్టక్కర్లేదు. తీగ బ్రష్షుతో గీకితే చాలు."

"ఎన్నేళ్ళు ఆగుతుంది?"

"ఎనిమిది. అటూ ఇటూగా."

"మరి జింకుది?"

"పాతికేళ్ళు."

అతను ఆ రేకును పక్కకు నెట్టాడు. మాటకూ మాటకూ మధ్య యంత్రం చప్పుడే వినిపిస్తోంది.

"ఎనిమిదేళ్ళకోసారి ఎవడో ఒకడు తాడు కట్టుకుని ఆ వంతెన కింద వేలాడాలి. అడుగున నీళ్ళు. మా మేస్త్రీ అలాగే కదా పోయింది. నన్ను చూసి ఆ నాసిరకం పూత రాయకు. పని చేయించు, కాకపోతే సరిగ్గా చేయించు."

సరిగ్గా అన్న మాట దగ్గర ఆమె తల దించుకుంది. పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పనిది అప్పుడు బయటికొచ్చింది.

పాత వంతెనకు పూత ఎంచింది ఆమే. తమ్ముణ్ణి ఆ పనిలో పెట్టించిందీ ఆమే. ఇసుక వాడకూడదని, స్టీలు రజనే వాడాలని, గొట్టం పట్టినవాళ్ళకు గాలి అందే టోపీలు ఇవ్వాలని తన చేత్తోనే రాసింది. రజను లోడు దారిలో ఆగిపోయింది. వానలు ముంచుకొస్తున్నాయని కాంట్రాక్టరు ఏటి ఇసుక దింపించి పని మొదలుపెట్టించాడు. మూడో రోజు ఆమె వెళ్ళేసరికి తెల్లటి దుమ్ములో మనుషులు సరిగ్గా కనబడలేదు. టోపీలు లేక మూతులకు గుడ్డలు కట్టుకుని ఉన్నారు. ఆమె భూతద్దం పెట్టి ఉక్కును చూసింది. మచ్చ లేదు, గరుకు సరిపోయింది. ఉక్కు వరకూ అంతా బాగానే ఉంది. తనిఖీ కాగితం మీద సంతకం పెట్టింది.

"ఆపొచ్చురా నేను. ఒక్క గీత గీస్తే పని ఆగేది. ఇసుకని తెలిసే పెట్టాను సంతకం," అంది.

"నాకు తెలుసు."

ఆమె తలెత్తింది.

"నేను పైన పలకల మీద ఉన్నాను. నువ్వు ఆ ఇసుకని గుప్పిట్లోకి తీసుకున్నావు. వేళ్ళతో నలిపి పారేసి, చేతులు దులుపుకున్నావు. తర్వాత సంతకం పెట్టావు."

"మరి నన్నెప్పుడూ అడగలేదేంరా?"

"ఏమని అడగను? మా అక్క చూసి పాస్ చేసిందంటే ఫరవాలేదనే అనుకున్నాను. మిగతావాళ్ళు గొణుగుతుంటే వాళ్ళకీ అదే చెప్పాను."

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆమె అతని పాదం మీద చెయ్యి వేసి ఏడ్చింది. అతను వద్దనలేదు, ఓదార్చనూ లేదు. ఓపిక లేక కావచ్చు.

బయట చెప్పుల చప్పుడు వినబడింది. "నేనున్నంతవరకు దానికి చెప్పకు," అన్నాడు మెల్లగా. "నువ్వొస్తే మంచినీళ్ళిచ్చేది అదేగా."

శుక్రవారం ఆమె జింకు పూతే రాసింది. దూలాలన్నిటినీ తలుపులు మూసిన షెడ్డులో, స్టీలు రజనుతో కొట్టించాలి. దుమ్ము లాగే యంత్రాలుండాలి. ఆరుబయట ఏ పనికైనా ఇసుక గింజ కనబడితే పని ఆగుతుంది. ఆపే అధికారం పూత ఎంచినవాళ్ళకే ఉండాలి. పెద్ద ఇంజనీరు చివరి వాక్యం దగ్గర కళ్ళజోడు తీశాడు.

"ఇంత పట్టుదల దేనికి మేడమ్? పోయినసారి ఇవేమీ లేకుండానే నిక్షేపంగా ఉంది వంతెన."

"వంతెన ఉంది సార్," అంది ఆమె. అతను మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని సంతకం చేశాడు.

నెల తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం, భార్య దిండు సర్దుతుండగా తమ్ముడు పోయాడు. యంత్రం ఆపడం ఎవరికీ తోచక సాయంత్రం దాకా అది నడుస్తూనే ఉంది.

మూడు వారాలు ఆగి ఆమె మరదలి దగ్గరికి వెళ్ళింది. మరదలు దుప్పట్లు ఉతికి ఆరేస్తోంది. ఆమె నిలబడే అంతా చెప్పింది, సంతకంతో సహా. మరదలు తడి దుప్పటి తీగ మీద వేసి, అంచులు సమానంగా లాగింది.

"ఎన్నాళ్ళు ఆగితే ఆ రజను వచ్చేది?"

"తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజుల తర్వాత వచ్చిందా మరి?"

"వచ్చింది. అప్పటికి ఇసుకతోనే పని నడుస్తోందని దాన్ని వేరే చోటికి పంపేశారు. ఏడు నెలలూ ఇసుకే కొట్టారు. నేనూ మళ్ళీ అడగలేదు."

మరదలు బకెట్టులోంచి ఇంకో దుప్పటి తీసి పిండింది. నీళ్ళు కాళ్ళ మీద పడ్డా జరగలేదు. "మీరింక వెళ్ళండి," అంది. వదినా అనలేదు.

కొత్త వంతెన పని మొదలైంది. వర్షాల ముందు ఒకసారి రజను అందక పంతొమ్మిది రోజులు ఆగింది. ఆపింది ఆమే. కాంట్రాక్టరు పై అధికారుల దాకా వెళ్ళాడు. పని లేక కూర్చున్న కూలీలు ఆమెను చూస్తే ముఖం తిప్పుకున్నారు. షెడ్డులో టోపీ బరువనీ, లోపల ఉడికిపోతోందనీ తీసేసిన ఒకతణ్ణి ఆమె బయటికి పంపితే, "మా ఊపిరి గురించి మీకెందుకమ్మా అంత బాధ?" అని అడిగాడు. ఆమె ఆ టోపీ దుమ్ము తుడిచి మళ్ళీ అతని చేతిలో పెట్టింది.

తమ్ముడితో పాటు పాత వంతెన మీద గొట్టం పట్టినవాళ్ళు ఇంకా నలుగురు. పాత హాజరు పట్టీలో పేర్లున్నాయి గాని, ఇళ్ళు మారిపోయారు. వాళ్ళకు ఛాతీ ఎక్స్‌రే తీయించాలని ఆమె రెండు ఆదివారాలు ఒంటరిగా తిరిగింది. ఒకతను అప్పటికే పోయాడని తెలిసింది. మిగతావాళ్ళ జాడ దొరకలేదు.

మూడో ఆదివారం పొద్దున్నే ఆమె బస్టాపులో నిలబడి ఉంటే మరదలు నడుచుకుంటూ వచ్చింది. మనిషి చిక్కిపోయింది. జుట్టు గట్టిగా ముడి వేసుకుని ఉంది.

"ముఠావాళ్ళ కోసం తిరుగుతున్నారని విన్నాను. వాళ్ళ ఇళ్ళు మీకు తెలీవు. ఇద్దరి ఇళ్ళు నాకు తెలుసు," అంది రోడ్డు వైపు చూస్తూ. "మీరు ఒక్కరే వెళ్ళి డాక్టరు దగ్గరికి రమ్మంటే వాళ్ళు భయపడతారు. నేను చెబితే వింటారు. అక్కడ సంతకం సంగతి మాత్రం మీ నోటితో మీరే చెప్పాలి."

"చెబుతాను," అంది ఆమె.

బస్సు వచ్చింది. ఖాళీగానే ఉంది. మరదలు ముందు ఎక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుని, పక్కనున్న ఖాళీలో తన సంచి పెట్టుకుంది. ఆమె రెండు వరసలు వెనక్కి వెళ్ళి కూర్చుంది. కండక్టరు వస్తే రెండు టిక్కెట్లు తీసుకోబోయింది. ముందు సీట్లోంచి మరదలు వెనక్కి తిరగకుండానే, "నాది నేను తీసుకున్నాను," అంది.