కడిగిన కప్పులు

ఎడమచేతి బొటనవేలి గోరు కింద ఇంకా ఏదో నల్లగా ఉన్నట్టే అనిపించి, నీళ్ళాయన బ్రష్‌ని మళ్ళీ సబ్బులో ముంచాడు. అప్పటికే మూడుసార్లు తోమాడు. గోరు చుట్టూ చర్మం ఎర్రబడి మండుతోంది.

"ఏంటన్నయ్యా, చేతులు కడుగుతున్నావా, అరగదీస్తున్నావా?" అంది కప్పులమ్మ, తన చెప్పులు తలుపు దగ్గరి మందునీళ్ళ పళ్ళెంలో ముంచి లోపలికి వస్తూ.

రోజూ ఆమె ఏదో ఒకటి అంటుంది, అతను "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు గానీ, ఇక్కడ అడుసు తొక్కకపోయినా కడగాల్సిందే చెల్లెమ్మా" అంటాడు. పాత హాస్యమే అయినా ఇద్దరూ నవ్వుకుంటారు. ఈరోజు అతను ఆ మాట అనలేదు.

షెడ్డు పొడవునా పన్నెండు వరసల తెల్ల గొట్టాలు. ప్రతి గొట్టానికీ జానెడు దూరంలో ఒక రంధ్రం, ప్రతి రంధ్రంలో చిల్లుల కప్పు, ప్రతి కప్పులో ఒక ఆకుకూర మొక్క. మట్టి ఉండదు. వేళ్ళు గొట్టంలో పారే నీళ్ళలోకి వేలాడుతూ, ఆ నీళ్ళలో కలిపిన ఎరువులే తిని పెరుగుతాయి. ఒకటే తొట్టె, ఒకటే పంపు. ఒకే నీళ్ళు అన్ని వరసలూ తిరిగి మళ్ళీ తొట్టెలోకి వస్తాయి. ఆ నీళ్ళ బాగోగులు చూసేవాడు కనుక అతను నీళ్ళాయన. కప్పులు కడిగేది కనుక ఆమె కప్పులమ్మ. అసలు పేర్లు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడవు.

ఆ సిమెంటు నేల కింద ఉన్నది అతను ముప్పై ఏళ్ళు దున్నిన పొలం. అతనిది కాదు, ఇంకొకరిది. అమ్మేశారు, చదును చేశారు, షెడ్డు లేచింది. పనిలో పెట్టుకునేటప్పుడు షెడ్డు చూసుకునే మేడమ్ ఒక్కటే మాట అడిగింది. "ఇక్కడికి మట్టి రాకూడదు, దాంతో తెగులు వస్తుంది. చిటికెడు కూడా. అలవాటు మానుకోగలరా?" మానుకుంటానన్నాడు. నాలుగేళ్ళు మాట నిలబెట్టుకున్నాడు.

నిలబెట్టుకోలేనిది ఒక్కచోటే. ఒక్కో కప్పులో మూడు గింజలు వేస్తారు. మొలిచాక బలమైనదాన్ని ఉంచి మిగతా రెండూ పీకి పారేయాలి. పచ్చగా, ప్రాణంతో ఉన్న మొలకను చెత్తబుట్టలో వేయడానికి అతనికి చేతులు వచ్చేవి కావు. రెండు మూడు జేబులో వేసుకుని, కంచె అవతల ఒక పాత డబ్బాలో మట్టి నింపి నాటుకునేవాడు. తొమ్మిది రోజుల క్రితం అలా నాటుతుండగా పంపు ఆగిందని గంట మోగింది. నీళ్ళు ఆగితే మొక్కలు గంటలో వాడిపోతాయి. పరిగెత్తాడు. కుళాయి దాటాడు, పళ్ళెం దాటాడు, పంపు మూతికి అడ్డుపడ్డ ఆకును తీయడానికి మట్టిచేతిని మోచేతిదాకా తొట్టెలో పెట్టాడు. పంపు తిరిగింది. మేడమ్ మెచ్చుకుంది కూడా.

ఈ ఉదయం నాలుగో వరసలో ఒక కప్పు పైకెత్తి చూశాడు. తెల్లటి దారాల్లా ఉండాల్సిన వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, జిగటగా చేతికంటుకుని ఊడివచ్చాయి. కుళ్ళిన వాసన. ఐదో వరసలోనూ అంతే.

మేడమ్ వచ్చింది. వయసులో అతని కూతురంత ఉంటుంది. ఒక్కో కప్పూ ఎత్తి చూసేకొద్దీ ఆమె పెదవులు బిగుసుకున్నాయి.

"కప్పులు సరిగ్గా కడగలేదు. పాత వేరుముక్కలు ఉండిపోయి ఉంటాయి."

"కడిగాను మేడమ్," అంది కప్పులమ్మ. "ఒక్కొక్కటీ కడిగాను."

"మరి ఈ తెగులు ఆకాశంలోంచి ఊడిపడిందా? మీరేమంటారు?" మేడమ్ అతని వైపు తిరిగింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది అతనికి. నాలుక మీద మాట ఉంది. 'మట్టి నాది' అంతే, రెండు ముక్కలు. అరవై దాటినవాడు, ఇంత వయసొచ్చి మొలకల మీద మోజుపడ్డాడని నవ్వుతారు. ఆ తర్వాత పొమ్మంటారు. ఎక్కడికి పోవాలి?

"నీళ్ళు చూస్తాను మేడమ్," అన్నాడు. తొట్టె దగ్గరికి నడిచాడు. పరీక్ష చేసే గాజు గొట్టం నీళ్ళలో ముంచాడు. వెనకాల కప్పులమ్మ మళ్ళీ ఏదో అంది. మేడమ్ ఏదో అంది. అతను వినకుండా ఉండటానికి గట్టిగా దగ్గాడు.

మధ్యాహ్నానికి కబురు తెలిసింది. సాయంత్రంతో కప్పులమ్మ పని ఆఖరు.

భోజనం డబ్బా విప్పి, మూసేశాడు. పీకిన మొక్కల్ని సంచుల్లో కట్టాడు. ఎండ వాలేవేళకి కప్పులమ్మ పనిగుడ్డ విప్పి మేకుకు తగిలించింది. అతను తలుపుదాకా వెళ్ళాడు.

"చెల్లెమ్మా..."

"ఆ రోజు కిటికీలోంచి చూశాన్లే అన్నయ్యా," అంది ఆమె, చెప్పుల పట్టీ సర్దుకుంటూ. "చెయ్యి కడక్కుండానే పెట్టేశావు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే చెబుతావేమో అని చూశాను."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. వెళ్ళొస్తానని కూడా అనకుండా, సంచి భుజాన వేసుకుని గేటు దాటి వెళ్ళిపోయింది.

అతను గబగబా మేడమ్ గదిలోకి వెళ్ళి, నిలబడే చెప్పాడు. డబ్బా, మొలకలు, పంపు గంట, చెయ్యి. అన్నీ.

మేడమ్ లేచి తలుపు దగ్గరగా వేసింది. "ఈ మాట పొద్దున చెప్పాల్సింది. పైవాళ్ళకి ఆమె పేరే రాసి పంపేశాను."

"మళ్ళీ రాయండి మేడమ్. నా పేరు."

"రాస్తే మీరూ పోతారు. రేపు పంపు ఎవరు చూస్తారు?" ఆమె కళ్ళు దించుకుంది. "నాకూ పైన మాట వస్తుంది. వెళ్ళండి. తొట్టె ఖాళీ చేసి కడగండి."

ఒక్క క్షణం గుండె తేలికపడింది. అలా తేలికపడ్డందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. మళ్ళీ అడగాలని నోరు తెరిచాడు. అడగలేదు.

తొట్టె కడగడానికి వెళ్తూ కప్పులమ్మ బల్ల దగ్గర ఆగాడు. ఆరబెట్టిన కప్పులు వరసలు వరసలుగా బోర్లించి ఉన్నాయి. ఒకటి తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. ఇంకొకటి. మరొకటి. ఏ చిల్లులోనూ వేరుముక్క కాదుకదా, నలుసు కూడా లేదు. పక్కనే గుడ్డ మీద, చిల్లుల్లో తోమీ తోమీ పోచలన్నీ ఒక పక్కకు వాలిపోయిన ఆమె పాత పళ్ళబ్రష్షు, ఇంకా తడిగానే ఉంది.