ముగ్గుల మీద నల్ల చుక్కలు

"ఆ మరక తోమెయ్యవే దుర్గా. రేపు పొద్దున్న ముగ్గెక్కడ పెడతావు, దాని మీదా?" అంది బుచ్చమ్మ, అరుగు మీద కూర్చుని తమలపాకులకు ఈనెలు తీస్తూ.

దుర్గ చెంబుతో నీళ్ళు, బట్టల సబ్బు ముక్క, కొబ్బరిపీచు తెచ్చుకుని వాకిట్లో గొంతుక్కూర్చుంది. సిమెంటు చప్టా మీద, పొద్దున్న తను పెట్టిన ముగ్గు అంచున, అరచేయంత నల్లమరక. తోముతుంటే నల్ల నురుగు వస్తోంది గాని మరక కదలడం లేదు. అత్తగారు చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం దుర్గకి అలవాటు. ఎదురు మాట్లాడాలంటే ముందు గొంతు ఎండిపోతుంది. మనసులో మాత్రం కాలవకి నీళ్ళొదిలినట్టు మాటలొస్తాయి. లోపల అన్ని మాటలున్న మనిషి బయటికి "ఆయ్", "అలాగేనండి" అన్న రెండు మాటలతోనే ఇన్నేళ్ళ కాపురం లాక్కొచ్చిందంటే ఎవరూ నమ్మరు. ఈ మధ్యాహ్నం కూడా ఆ "ఆయ్" అనే వచ్చింది. దాంతోనే ఉద్యోగం పోయినట్టయింది.

ఉద్యోగమంటే పెద్దదేం కాదు. పెళ్ళికి ముందు చదువుకున్న ల్యాబు టెక్నీషియను చదువు, పట్టుచీరల అడుగున సర్టిఫికెట్టై పడి ఉండేది. కొత్తపేటలో రక్తపరీక్షల ల్యాబు పెట్టినవాళ్ళు, ఇళ్ళకెళ్ళి రక్తం తీసుకొచ్చే మనిషి కావాలంటే, బంగారు గాజులు అమ్మి స్కూటీ కొనుక్కుని చేరింది. చీకటుండగానే లేచి, వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, టిఫిను చేసి, మొగుడు కేశవరావు లేచేసరికి ఫ్లాస్కులో కాఫీ ఉంచి, తను మాత్రం మంచినీళ్ళు తాగి బయల్దేరేది. పరగడుపున ఉండాల్సింది రక్తం ఇచ్చేవాళ్ళే అయినా, తీసే మనిషి కడుపు కూడా ఖాళీయే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. రావులపాలెం మార్కెట్టుకి అరటిగెలలు తోలే కేశవరావు, "ఉద్యోగమా అది, సూదులు గుచ్చడం" అనేవాడు. "నీకు బండెందుకు? ఎక్కడికెళ్ళాలన్నా నేను దింపనూ?" అని కూడా అనేవాడు. అతను దింపుతానన్న రోజుల్లో ఆమె చీర కట్టుకుని, సంచి పట్టుకుని, వీధరుగు మీద కూర్చుని ఎదురుచూసేది. అతను మూడోసారి కాఫీ తాగేవాడు. పేపరు చదివేవాడు. ఎవరో వస్తే మాట్లాడేవాడు. స్కూటీ వచ్చాక ఆ ఎదురుచూపు తప్పింది. దుర్గకి బండి మీద ప్రేమంతా అక్కడుంది.

ఆ బండికి ఇంజనాయిలు మార్చమని నిన్న సాయంత్రం నాగసతీష్ షెడ్డులో ఇచ్చింది. నాగసతీష్ కేశవరావుకి చిన్నాన్న కొడుకు, వీధి చివర మెకానిక్కు షెడ్డు అతనిది. పని అయిపోయిందని రాత్రే ఫోను చేసి, తాళంచెవి కిటికీలో పెట్టేనని చెప్పాడు. ఇవాళ ముగ్గు పెట్టాక నడిచి వెళ్ళి బండి తెచ్చుకుంది. ఇంటి ముందు ఆపి, రక్తం సీసాలు పెట్టుకునే ఐసుపెట్టె తీసుకుని మళ్ళీ బయల్దేరింది. కాలవగట్టు ఎక్కి కొంత దూరం వెళ్ళాక ఇంజను టకటకమంది. గట్టు దిగేలోపే కీచుమని అరిచి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. మరి కదల్లేదు.

గట్టు మీద నిలబడి ఉండగానే ఫోను మోగింది. బాలగంగాధరం మాస్టారు, పరగడుపున రక్తం ఇవ్వడానికి ఆమె కోసం ఎదురుచూస్తున్న మనిషి.

"అమ్మాయ్ దుర్గా, డికాషను దిగి చాలాసేపైందమ్మా. మా ఆవిడ సూర్యకుమారి గ్లాసు పట్టుకుని నా ముక్కు ముందే తిరుగుతోంది, కావాలనే. వస్తున్నావా, తాగెయ్యనా?"

"తాగెయ్యండి మాస్టారూ" అంది దుర్గ. ఆ ఒక్క మాటకే కళ్ళలో నీళ్ళు తిరిగేయి.

బండిని ట్రాలీ ఆటోలో షెడ్డుకి చేర్చింది. మధ్యాహ్నానికి నాగసతీష్ ఇంజను విప్పి, చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పేశాడు. "గట్టు మీద రాయికి కొట్టేసుంటారు వదినగారూ. కింద ఆయిలు బోల్టు ఎగిరిపోయింది. ఆయిలంతా కారిపోయి పిస్టను పట్టేసింది. ఇంజను బోరుకొచ్చేసినట్టే, పెద్ద ఖర్చే."

"రాయి తగల్లేదండి" అంది దుర్గ. ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు.

"తగిలినా నీకు తెలుస్తుందేంటి? ఆడాళ్ళు బండెక్కితే చెవులు ఇంట్లో పెట్టేసి వస్తారు" అన్నాడు అక్కడే స్టూలు మీద కూర్చున్న కేశవరావు. నాగసతీష్ నవ్వాడు. ఇద్దరూ టీ గ్లాసులు అందుకున్నారు. రెండు గుటకలయ్యాక కేశవరావు, సంచీలోంచి ఒక కాయ తీసి పక్కన పెట్టినంత తేలిగ్గా, "పోనీలే, ఒకందుకు మంచిదే అయింది. రేపు పొద్దున్న ల్యాబుకి ఫోను చేసి మానేస్తున్నానని చెప్పెయ్. ఊళ్ళోవాళ్ళ రక్తం మనకెందుకు?" అన్నాడు.

"ఆయ్" అంది దుర్గ.

ఇప్పుడు పీచుతో మరక తోముతుంటే ఆ "ఆయ్" పంటి కింద రాయిలా తగులుతోంది. రాయి. గట్టు మీద రాయి. చెయ్యి ఆగిపోయింది. రాయి తగిలింది గట్టు మీదైతే, ఈ మరక ఇక్కడికెలా వచ్చింది? బండి ఈ చప్టా మీద ఆగింది గట్టెక్కకముందు కదా!

"అత్తయ్యగారూ, ఈ మరక నిన్న ఉందాండీ?"

"నిన్నుంటే నిన్నే తోమించనా?" అంది బుచ్చమ్మ.

దుర్గ పీచు చెంబు పక్కన పెట్టేసింది. ఈ మాట చెబితే కేశవరావు ఏమంటాడో కూడా ఆమెకి తెలుసు. "అది నా బండిదే, ఎప్పటిదో" అంటాడు. ఒక్క మరక మాట ఎవరూ వినరు. ఆమె లేచి వీధిలోకి చూసింది. ధనుర్మాసం. ఇంటింటి ముందూ నిన్నటికన్నా ఇవాళ పెద్ద ముగ్గు. ఇంకాసేపట్లో పొద్దు వాలుతుంది. రేపు తెల్లారితే ప్రతి ఇల్లాలూ చీపురు పట్టి, కళ్ళాపి చల్లి, వీధిని కొత్తగా చేసేస్తుంది. ఏదైనా మిగిలి ఉంటే అది ఈ సాయంత్రం వరకే.

కొంగుతో చేతులు తుడుచుకుని షెడ్డు వైపు నడిచింది.

మొదటి ఇల్లు సత్యనారాయణమ్మది. ఆవిడ ముగ్గు తీగ మీద వరసగా నల్ల చుక్కలు, ఒక్కొక్కటి రేగుపండంత. "చూసేవుటే దుర్గా! ఏ వెధవ బండో గాని, నడుం పడిపోయేలా పెట్టిన ముగ్గు నాశనం చేసి పోయేడు" అంది ఆవిడ గుమ్మంలోంచే.

"అది నా బండే పిన్నిగారూ."

"నీదా! అయితే పొద్దున్నుంచీ తిట్టిన తిట్లన్నీ నీకే తగిలేయన్నమాట. పోనీ, వెనక్కి తీసుకున్నాలే."

"నేను ఇటు రాకముందు చుక్కలు లేవాండీ?"

"బకెట్టు లోపల పెట్టి వచ్చి, బాగా కుదిరిందని చూసుకుంటున్నానే. అప్పుడు నువ్వు షెడ్డు వైపునించి బండి మీద వచ్చేవు. నువ్వెళ్ళేక చూస్తే ఇది."

పక్కింటి జెస్సీ నర్సు. ఆమె ముగ్గు పెట్టదు గాని గుమ్మం ముందు సిమెంటుని అద్దంలా ఉంచుతుంది. "సర్ఫు పోసి రుద్దేనండి, అయినా పోలేదు, చూడండి" అని బయటికొచ్చి చూపించింది. షెడ్డుకి ఆనుకునే ఉన్న రత్నమాల ఇంటి ముందు నెమలి ముగ్గు. దాని తోక మీద ఆవగింజల్లా సన్నటి చుక్కలు. దుర్గ వంగి చూసింది. వెనక్కి తిరిగి ముగ్గులన్నీ మళ్ళీ చూసింది. ఇక్కడ ఆవగింజలు. అక్కడ రేగుపళ్ళు. తన వాకిట్లో అరచేయి. ఒక్కసారిగా మొత్తం అర్థమైంది. వెనకే వచ్చిన సత్యనారాయణమ్మకి నాగసతీష్ చెప్పిన రాయి మాట చెప్పింది.

"పద, నేను మాట్లాడతాను వాడితో" అంది సత్యనారాయణమ్మ, చెంగు బిగించి.

"వద్దండి. నేనే మాట్లాడతాను" అంది దుర్గ. ఆ గొంతు తనదేనా అనిపించింది. వెనక రత్నమాల, జెస్సీ కూడా నడిచేరు.

షెడ్డులో కేశవరావు స్టూలు మీద ఉన్నాడు, చేతిలో మళ్ళీ టీ గ్లాసు. "ఏంటి, ఊరేగింపా?" అన్నాడు.

"ఏవండీ, ఒకసారి రండి. సతీషూ, నువ్వూ రా."

"ఎక్కడికి?"

"ముగ్గులు చూడ్డానికి."

ఇద్దరూ నవ్వేరు. దుర్గ నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం కేశవరావుకి కొత్త. గ్లాసు కింద పెట్టి లేచాడు. పుట్టి పెరిగిన వీధిలో ఏనాడూ కిందికి చూడని మనిషి, ఇవాళ ఒక్కో ఇంటి ముందు తల వంచి నిలబడ్డాడు. చుట్టూ ఆడవాళ్ళు. మొదట చుక్కలు కనిపించలేదన్నాడు. జెస్సీ వేలు పెట్టి చూపించింది.

"పాత ఆయిలు దింపినప్పుడు అడుగున అంటుకునుంటుంది వదినగారూ. అదే కారుంటుంది" అన్నాడు నాగసతీష్.

"అంటుకున్నదైతే నీ షెడ్డు దగ్గర ఎక్కువ పడి, పోనుపోను తగ్గాలి. ఇక్కడ పోనుపోను పెరిగింది. ఇంజను వేడెక్కేకొద్దీ కారింది. గట్టు ఇంకా అవతలుంది సతీషూ. బోల్టు నీ దగ్గరే వదులుగా ఉంది. గట్టు మీద ఊడింది, అంతే."

నాగసతీష్ నెమలి తోక వైపు చూశాడు. తర్వాత కేశవరావు వైపు చూశాడు. "అన్నయ్యా... నిన్న బోల్టు పెడుతుంటేనే కదా నువ్వు టీకి రమ్మని కేకేసేవు. చేత్తో తిప్పి పెట్టి వచ్చేసేను. తిరిగొచ్చేక పానా వేసి బిగించేననే అనుకున్నా..."

కేశవరావు మెడ మీద కండువా సర్దుకున్నాడు.

"సారీ అన్నయ్యా" అన్నాడు నాగసతీష్.

"బండి ఆయనది కాదు. నాది. నాకు చెప్పు" అంది దుర్గ.

అతను ఆమె వైపు తిరిగాడు. "సారీ వదినగారూ. ఇంజను నేనే బాగుచేసి ఇస్తానండి. మీరు పైసా ఇవ్వొద్దు."

"సర్లే, అయిపోయిందిగా. ఇంజనయ్యేసరికి ఎన్నాళ్ళో పడుతుంది. ఎలాగూ మానేస్తానన్నావుగా, తొందరేం లేదు" అన్నాడు కేశవరావు.

"మానేస్తానని నేననలేదండి. మీరన్నారు. నేను ఆయ్ అన్నాను. ఇప్పుడు అనడం లేదు."

ఇంత పొడుగు మాట ఆమె అతనితో వీధిలో ఎప్పుడూ అనలేదు. ఇంట్లోనూ అనలేదు. గొంతు ఎండిపోతుందేమోనని చూసుకుంది. ఎండలేదు. లోపలున్న మాటలు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా నిలబడి ఉన్నాయి, పిలిస్తే వచ్చేలా. షెడ్డులోకి వెళ్ళి, గోడ పక్కన నాగసతీష్ తిరిగే స్కూటరు చూసి, మేకుకున్న దాని తాళంచెవి తీసుకుంది.

"నా బండి అయ్యేదాకా నీ బండి నా దగ్గరుంటుంది."

"మరి నేనెలా తిరగను వదినగారూ?"

"మీ అన్నయ్య దింపుతారు. ఎక్కడికెళ్ళాలన్నా దింపుతారు, అడుగు."

సత్యనారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రత్నమాల దాచుకోకుండానే నవ్వేసింది.

"ముందు దీని కింద బోల్టుకి పానా వెయ్యి. నేను చూస్తూండగా" అంది దుర్గ. నాగసతీష్ నేల మీద పడుకుని పానా వేశాడు. దుర్గ పక్కనే గొంతుక్కూర్చుని, బోల్టు బిగిసి పానా ఇంక తిరగని వరకూ చూసింది. అప్పుడే టీకి రమ్మని కేశవరావుని టీ కొట్టు మనిషి కేకేశాడు. కేశవరావు వెళ్ళలేదు.

ఇంటికొచ్చేసరికి బుచ్చమ్మ చెంబు, పీచు చూపించింది. "మరక అలాగే ఉందేంటే? ఎక్కడికి పోయేవు మధ్యలో?"

"అది పోదండి. ఉండనివ్వండి. రేపు దాన్ని మధ్యలో పెట్టే ముగ్గేస్తాను."

"ఇదేం చోద్యమే!" అంది బుచ్చమ్మ. కోడలి చేతిలో కొత్త తాళంచెవి చూసి, ఇంకేదో అనబోయి, ఆకుల్లోకి చూసుకుంది.

దుర్గ వంటింట్లోకి వెళ్ళి, కాఫీ కలుపుకుని, పొద్దుటినించీ మొదటిసారి కూర్చుని తాగింది. వీధిలో కేశవరావు చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆమె లేవలేదు. ఫోను తీసి బాలగంగాధరం మాస్టారికి చేసింది.

"మాస్టారూ, రేపు కాఫీ తాగకండి. నేను వస్తున్నాను."