ఖైతాన్‌లో ఎద్దు నడక

కువైట్‌లోని ఖైతాన్‌లో తెలుగువాళ్ళకు ఒకప్పుడు రెండు సంఘాలు ఉండేవి. కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళది ఒకటి, గోదావరి జిల్లాల వాళ్ళది ఇంకొకటి. కార్తీకమాసం వస్తే రెండూ వఫ్రాలో వేరువేరు తోటల్లో వనభోజనాలు పెట్టేవి. ఒక తోటలో మైకుంటే జనం ఉండేవాళ్ళు కాదు, ఇంకో తోటలో జనముంటే మైకు ఉండేది కాదు. చివరికి రెండువైపుల పెద్దలూ కూర్చుని సంఘాలను కలిపేశారు. అధ్యక్ష పదవి ఒక ఏడాది గోదావరి వాళ్ళకు, మరుసటి ఏడాది సీమ వాళ్ళకు. అంతా నోటిమాట మీదే.

మొదటి ఏడాది అమలాపురం దగ్గరి అచ్చిబాబు అధ్యక్షుడయ్యాడు. దజీజ్‌లో ఒక గోడౌనుకు స్టోర్‌కీపరు. మనిషి మంచివాడే. ఎవరైనా ఆసుపత్రిలో చేరితే పళ్ళు పట్టుకుని ముందు వెళ్ళేది ఆయనే. కాకపోతే మైకు చేతికొస్తే వదలడు. దసరా వెళ్ళగానే, "ఇంకొక్క ఏడాది నేనే ఉంటే పనులు సాఫీగా సాగుతాయండి, జనం అడుగుతున్నారండి" అనడం మొదలుపెట్టాడు. ఏ జనం అడిగారో ఎవరికీ తెలియదు.

సీమ వైపు నుంచి అధ్యక్షుడు కావలసినవాడు నాగేంద్రప్రసాద్. ఒక క్లినిక్‌లో రిసెప్షన్ దగ్గర కూర్చుంటాడు. పదవి ఎటూ వస్తుందన్న ధీమాతో ముందే కోటు కుట్టించుకున్నాడు. అచ్చిబాబు మాట చెవినపడగానే గంగాధరకు ఫోన్ చేశాడు.

"మాట తప్పినాడప్పా. ఓటింగు పెడతాడంట. వాళ్ళే ఎక్కువుండారు, వాళ్ళే గెలుస్తారు. ఏమన్నా చేయాల."

గంగాధరది రాయచోటి పక్క పల్లె. ఒక జపాన్ ఇంజనీరమ్మ ఇంట్లో డ్రైవరు. ఆమె సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే కంపెనీలో పనిచేస్తుంది. పొద్దున ఆమెను ఆఫీసు దగ్గర దింపాక, పగలంతా ఆమె తండ్రి హిరానోను తిప్పడమే గంగాధర పని. హిరానో టోక్యోలో పార్లమెంటు ఉద్యోగి. సభలో కాగితాలు అందించడం, తలుపులు మూయడం, ఓటింగప్పుడు పెట్టె పక్కన నిలబడటం చేసి చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశాడు. కువైట్‌లో ఆయనకు బాగా తెలిసిన మనిషి గంగాధర ఒక్కడే. వెనక సీటులో కూర్చోమంటే కూర్చోడు. ముందు సీట్లో కూర్చుని, నోరు తిరగక, "గంగ సాన్" అని, అంటే గంగగారూ అని, పిలుస్తాడు. ఊళ్ళో గంగ అంటే గంగాధర మేనత్త. ఆ సంగతి చెప్పలేక అతను పలుకుతూ వస్తున్నాడు. తను మాత్రం ఆయన్ని, కువైట్‌లో డ్రైవర్లందరూ ఇంటి పెద్దను పిలిచినట్టే, బాబా అంటాడు, ఇంటి యజమానురాలిని పిలిచినట్టే ఆయన కూతురిని మామా అంటాడు. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషు. అదీ చాలనప్పుడు హిరానో ఫోనులో తర్జుమా చేయించి చూపిస్తాడు.

చేపల మార్కెట్‌కు వెళ్ళే దారిలో గంగాధర సంఘం గొడవంతా చెప్పుకొచ్చాడు. హిరానో శ్రద్ధగా విన్నాడు.

"మా దగ్గరా ఇంతే," అన్నాడు. "1955లో రెండు పార్టీలు కలిసి ఒకటయ్యాయి. ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళు వాళ్ళదే ప్రభుత్వం."

"అంతకాలం కొట్లాడుకోకుండా ఎట్లుండిరి బాబా?"

"కొట్లాడుకున్నారు. పార్టీ లోపల ఫ్యాక్షన్లు ఉండేవి."

గంగాధర కాలు బ్రేకు మీద పడింది. వెనక బండివాడు హారన్ కొట్టాడు.

"ఫ్యాక్షనా? జపాన్‌లోనా?"

"పెద్దవే ఐదు."

"బాంబులేసుకుంటారా?"

హిరానోకు అర్థం కాలేదు. ఫోనులో ఆ మాట చూసుకుని కంగారుపడ్డాడు. "బాంబులు ఎందుకు? హోటలుకు వెళ్ళి భోజనం చేస్తారు."

"ఎవరు?"

"ఫ్యాక్షన్ నాయకులు. చేపలు తింటూ, ఈసారి ప్రధానమంత్రి నీ మనిషి, పైసారి నా మనిషి అని మాట్లాడుకుంటారు."

గంగాధర పెదనాన్న ఊళ్ళో ఒక వర్గం వెంట జీవితమంతా తిరిగి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. ఆ వర్గం ఆయనకు ఒక పూట భోజనం పెట్టిన పాపాన పోలేదు.

"ఫ్యాక్షనంటే అట్ల చేయాల బాబా," అన్నాడు గంగాధర. "మాకు చెప్పేవాళ్ళు లేకపోయిరి."

మార్కెట్ దగ్గర బండి ఆపాక అసలు సంగతి అడిగాడు. ఎక్కువమంది ఒకవైపు ఉండి మాట తప్పితే, తక్కువమంది ఏం చేయాలి? హిరానో ఖాళీ చేపల సంచీ చేత్తో పట్టుకుని బండి దిగాడు.

"గెలవలేరు. కాని ఆలస్యం చేయొచ్చు. మా సభలో ఓటు వేయాలంటే పెట్టె దాకా నడిచి వెళ్ళాలి. ప్రతిపక్షం వాళ్ళు ఎద్దు నడక నడిచేవాళ్ళు. అమ్మకం పన్ను బిల్లుకైతే రాత్రంతా నడిచారు. నేను నిలబడే ఉన్నాను."

అది ఎలా ఉంటుందో చూపించడానికి ఆయన కాలిబాట మీద నడిచాడు. ఒక కాలు ఎత్తి, అది ఎక్కడ పెట్టాలా అని ఆలోచించి, అక్కడే పెట్టాడు. రెండో కాలు ఇంకా ఆలస్యం. ఎదురు కొట్లోని ఈజిప్షియన్ అది చూసి, ముసలాయనకు ఏదో అయిందని కుర్చీ, నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

గంగాధర ఆ శుక్రవారమే రిగ్గై వెళ్ళి సంజీవమ్మను కలిశాడు. ఆమె అక్కడొక కువైటీల ఇంట్లో వంట చేస్తుంది. మదనపల్లె వైపు మనిషి. వనభోజనాల్లో గాడిపొయ్యి దగ్గర ఆమె చెప్పిందే శాసనం, ఆడవాళ్ళందరూ ఆమె వెనకే. కిందటేడు అచ్చిబాబు ఆమెను అడగకుండా రాగిసంగటి తీసేయించి పులిహోర పెట్టించాడు. ఆ మంట ఇంకా ఆరలేదు.

"నడిస్తే ఓట్లొస్తాయా నాయనా?" అంది అంతా విని.

"ఓట్లు రావక్కా. టైము పోతాది. హాలు మనకు అయిదింటి దాకానే. దాటితే ఓటింగు ఖలాస్."

"మెల్లగా నడిచేదానికి నాకు జపానాయన నేర్పల్లనా? నా మోకాళ్ళు చూడు." మోకాలు నొక్కుకుంటూ, "సరే, మా ఆడోళ్ళందరికీ చెప్తా. మామాను అడిగి బిరీన వస్తా" అంది.

సమావేశం ఖైతాన్‌లో ఒక హోటలు మీద హాల్లో జరిగింది. గంగాధర తీసుకురావడంతో హిరానో ముఖ్య అతిథిగా వచ్చాడు. అచ్చిబాబు మైకులో గంటసేపు సంఘం సాధించిన విజయాలు చెప్పి, "ప్రజాస్వామ్య బద్ధంగానే ఎల్దామండి. పేరు పిలవగానే ఒక్కొక్కరూ వచ్చి, ఈ డబ్బాలో చీటీ వెయ్యండి" అన్నాడు. అలా ఒక్కొక్కరూ తన ముందు నుంచి నడిచి వెళ్తే చూడముచ్చటగా ఉంటుందని ఆయన కోరిక. బిస్కెట్ల డబ్బాకు రంగుకాగితం కూడా అంటించాడు.

ముందు నాగేంద్రప్రసాద్ పేరు పిలిచారు. కోటు వేసుకుని లేచాడు. కుర్చీ నుంచి డబ్బా దాకా నాలుగు బారలు ఉంటుంది. ఆ నాలుగు బారలు నడవడానికి ఆయనకు, పెళ్ళికొడుకు విడిది నుంచి మండపానికి వచ్చినంతసేపు పట్టింది. తర్వాత గంగాధర లేచాడు.

"గంగాధరగారూ, కాస్త తొరగా రండి," అన్నాడు అచ్చిబాబు మైకులో.

"వస్తానే ఉండా కదన్నా."

"కాళ్ళు కదలట్లేదండీ మీయి."

"కదలతాండాయి. వంగి చూడు."

అచ్చిబాబు నిజంగానే వంగి చూశాడు. కుడికాలు గాలిలో ఉంది. ఆయన బావమరిది మణి దగ్గరికొచ్చి, "బావా, ఈళ్ళు కావాలనే చేత్తన్నారు" అని చెవిలో చెప్పాడు. మైకు ఆన్‌లో ఉండటంవల్ల ఆ మాట అందరికీ వినిపించింది.

తర్వాత సంజీవమ్మ వంతు వచ్చింది. ఆమె మోకాళ్ళ నొప్పి అబద్ధమని అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె సగం దూరం వచ్చి ఆగి నిట్టూర్చింది. గోదావరి వైపు నుంచే ఎవరో పాపమని కుర్చీ తెచ్చి వేశారు. ఆమె కూర్చుంది. టీ వచ్చింది. తాగింది. ఆమె వెనక ఆడవాళ్ళంతా అదే దారిలో, అదే కుర్చీలో కూర్చుని లేచి వెళ్ళారు.

అయినా అచ్చిబాబు లెక్క ప్రకారం టైము సరిపోయేదే. అంతలో హిరానో లేచాడు. ఒక జీవితకాలపు అలవాటు ఆయన్ని కూర్చోనివ్వలేదు. వెళ్ళి డబ్బా పక్కన నిటారుగా నిలబడి, చీటీ వేసిన ప్రతి మనిషికీ నడుము వంచి నమస్కారం చేయడం మొదలుపెట్టాడు. పెద్దాయన వంగితే తాము వంగకుండా వెళ్ళడం గోదావరి వాళ్ళకు మర్యాద కాదు. వాళ్ళూ వంగారు. వాళ్ళు వంగితే ఆయన మళ్ళీ వంగాడు. ఆయ్, ఆయ్ అంటూ వాళ్ళు ఇంకోసారి వంగారు. ఎవరు ముందు ఆపాలో ఎవరికీ తెలియలేదు. మణి అయితే నాలుగుసార్లు వంగి, చీటీ వేయడం మరిచిపోయి వెనక్కి వచ్చాడు.

ఇంకా సగంమంది మిగిలి ఉండగానే తలుపు తోసుకుని బెలూన్లు వచ్చాయి, వాటి వెనక ఒక మలయాళీ కుటుంబం వచ్చింది. పాప పుట్టినరోజట, హాలు అయిదు నుంచి వాళ్ళది. అచ్చిబాబు చేతిలోంచి మైకు తీసుకుని వాళ్ళ ఫోటోగ్రాఫరు, హలో, హలో అని పరీక్షించుకున్నాడు.

నాగేంద్రప్రసాద్ కింద కాలిబాట మీద గంగాధరను కావలించుకున్నాడు. కాని కారెక్కాక హిరానో, "సంతోషం వద్దు గంగ సాన్. బిల్లు ఎప్పుడూ మరుసటి రోజు పాసయ్యేది" అన్నాడు.

ఆ మరుసటి వారమంతా అచ్చిబాబు ఊరికే కూర్చోలేదు. ఒకరోజు రిగ్గై వెళ్ళి సంజీవమ్మతో మాట్లాడి వచ్చాడు. మళ్ళీ సమావేశం పెట్టి, మైకు అందుకుని, "మనలో మనకు ఓట్లెందుకండీ. అధ్యక్షురాలిగా సంజీవమ్మగారి పేరు నేను పెడుతున్నానండి. నేను కార్యదర్శిగా ఆవిడ వెనకాల ఉంటాను" అన్నాడు. రెండువైపులా చప్పట్లు మోగాయి. నాగేంద్రప్రసాద్ కోటు విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

గంగాధర వెంటనే లేచాడు. మెట్ల దగ్గర ఆమెను పట్టుకున్నాడు.

"ఏందక్కా ఇది? మనం నడిచింది నాగేంద్రన్న కోసం కదా."

"నువ్వు నడిచింది నాగేంద్ర కోసం. నేను నడిచింది సంగటి కోసం నాయనా."

"సీమ వాళ్ళకు ఇస్తామన్న మాట ఏమైపాయ?"

"నేనేమన్నా రాజోలు నుంచి వచ్చినానా?"

మరునాడు గంగాధర కారులో ఉడికిపోతూ ఇదంతా చెబితే, హిరానో కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు.

"1994," అన్నాడు. "నలభై ఏళ్ళు ఎదురెదురుగా కూర్చుని అరుచుకున్న రెండు పార్టీలు కలిసిపోయాయి. పెద్ద పార్టీ, ఆ ప్రతిపక్ష నాయకుణ్ణే ప్రధానమంత్రిని చేసి, తను మళ్ళీ ప్రభుత్వంలోకి వచ్చేసింది. ఆ రోజు కూడా నేను పెట్టె పక్కనే ఉన్నాను."

"మీకు కోపం రాలేదా బాబా?"

"నేను ఉద్యోగిని, నాకు రాకూడదు. నా భార్యకు వచ్చింది. ఆమె ఎప్పుడూ ఆ ప్రతిపక్షానికే ఓటు వేసేది. వారం రోజులు నాకు వట్టి అన్నమే పెట్టింది."

వనభోజనాల నాటికి గంగాధర కోపం సగం తగ్గింది. మిగతా సగం తోటలో అడుగుపెట్టగానే సంగటి వాసనకు పోయింది. సంజీవమ్మ మణిచేత తెడ్డు పట్టించి సంగటి కెలికిస్తోంది. ఉండలు కట్టిందని నాగేంద్రప్రసాద్ అతన్ని కేకలేస్తున్నాడు. అచ్చిబాబు మైకు పట్టుకోగానే ఆమె పొయ్యి దగ్గర నుంచే, "తిన్నాక మాట్లాడుదువులే, కూర్చో" అంది. ఆయన కూర్చున్నాడు. అధ్యక్షురాలి ఉపన్యాసం ఆ ఏటికి అంతే.

హిరానో కూతురితో సహా వచ్చాడు. సంగటి ముద్దను నమలకుండా మింగాలని చెబితే, పరీక్ష రాస్తున్నవాడిలా మింగాడు. తర్వాత చాప మీద ఆడవాళ్ళందరి మధ్య కూర్చుని, ఫోను అటూ ఇటూ తిప్పుతూ, వాళ్ళ సభ కథలు చెప్పసాగాడు. కూతురు దూరం నుంచి చూస్తూ నిలబడింది.

"టోక్యోలో ఇంట్లో ఎప్పుడూ ఆఫీసు సంగతి ఎత్తేవాడు కాదు," అంది గంగాధరతో. "ఇప్పుడు రాత్రి భోజనం దగ్గర రోజూ మీ సంఘం సంగతే. మళ్ళీ మీటింగు ఎప్పుడు? ఆ రోజు ఆయనకు ఇంకే పనీ పెట్టను."

"ఇంకా చెప్పలేదు మామా, కనుక్కుంటా," అన్నాడు గంగాధర. అంతలో సంజీవమ్మ, సంగటి డేగిసా ఎండితే వదలదని, ఎవరైనా వచ్చి తోమమని కేకేసింది. ఆ చుట్టుపక్కల ఖాళీగా నిలబడి ఉన్నది గంగాధర ఒక్కడే. చొక్కా చేతులు మడుచుకుని కొళాయి వైపు వెళ్ళాడు.